ల్యాబ్ విడిచి వెళ్లేవాళ్ల గురించి: వరంగల్ రీసెర్చ్ గైడ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రొఫెసర్లకు, డిపార్ట్‌మెంట్ హెడ్లకు నమస్కారాలు.

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో పీహెచ్‌డీలు చేయిస్తున్న గైడ్లందరికీ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏ ఒక్క యూనివర్సిటీనో, ఏ ఒక్క డిపార్ట్‌మెంట్‌నో ఉద్దేశించి కాదు. నేను ఇక్కడే కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను. మా గైడ్‌తో ఈరోజుకీ మంచి మాటే ఉంది. దసరాకు ఫోన్ చేస్తే ముందు ఇంట్లో అందరి బాగోగులు అడుగుతారు, ఆ వెంటనే "మరి ఆ రెండో పేపర్ ఏం జేసినవమ్మా?" అంటారు. కాబట్టి కడుపులో ఏదో పెట్టుకుని రాస్తున్నానని అనుకోకండి.

ల్యాబ్‌లో చేరేటప్పటి హడావుడి మీకు తెలుసు. ఎంట్రన్స్, ఇంటర్వ్యూ, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, గైడ్ అలాట్‌మెంట్, జాయినింగ్ రిపోర్ట్. ఉద్యోగం వచ్చో, మరో కారణంతోనో వెళ్లేటప్పుడు మాత్రం ఉన్నదల్లా నో డ్యూస్ ఫారమే. లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చాడా, హాస్టల్ మెస్ బాకీ కట్టాడా, గాజు సామాను ఏమైనా పగలగొట్టాడా, ఇంతే అందులో ఉండేది. ఏళ్ల తరబడి చేసిన పని ఎవరి చేతిలో పెట్టాడు, సగంలో ఉన్న పేపర్ ఎవరు పూర్తి చేస్తారు, రేపు అనుమానం వస్తే ఎవరిని అడగాలి అన్న గడి ఆ ఫారంలో లేదు.

అంతకంటే పెద్ద లోటు ఇంకోటి ఉంది. వెళ్లాలనుకుంటున్న సంగతి స్కాలర్ మీకు ఎప్పుడు చెబుతున్నాడు? చాలామంది ఆఖరి వారంలో చెబుతారు. కొందరు అపాయింట్‌మెంట్ ఆర్డర్ చేతికొచ్చాక ఫోన్‌లో చెబుతారు. ఇంకొందరు అసలే చెప్పరు, ఒకరోజు నుంచి రావడం మానేస్తారు. మీలో చాలామందికి వాళ్లు వెళ్లినందుకు కోపం లేదు, చెప్పకుండా వెళ్లినందుకే కోపం. మరి వాళ్లు ఎందుకు చెప్పలేకపోతున్నారు? కారణం చాలావరకు మీ చేతిలోనే ఉంది. ఈ ఉత్తరం దాని గురించే.

మన స్కాలర్ టేబుల్ సొరుగులో ల్యాబ్ నోట్‌బుక్ కింద ఇండియన్ పాలిటీ పుస్తకం ఉంటుంది. మీరు లోపలికి రాగానే పైనున్నది కిందికి, కిందున్నది పైకి మారుతుంది. ఇది మీకు తెలియదని నేననుకోను. మీలో ఎంతోమంది ఒకప్పుడు ఇట్లాగే చదివి లెక్చరర్లు అయినవాళ్లే. 2022 డిసెంబర్‌లో 1392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. మరుసటి ఏడాది గురుకులాల నోటిఫికేషన్లు వరసగా వచ్చాయి. అప్పుడు అప్లై చేయని స్కాలర్‌ను వెతికి పట్టుకోవడం కష్టమైంది.

ఎందుకు చేయరు సార్? నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకున్నవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, సీనియర్ ఫెలోషిప్‌కు మారాక 42 వేలు వస్తున్నాయి. అది ఐదేళ్ల ముచ్చట. పీహెచ్‌డీకి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఇచ్చిన గడువు ఆరేళ్లు, పైన ఇంకో రెండేళ్లు పొడిగించుకోవచ్చు. అంటే ఫెలోషిప్ ఉన్నవాళ్లకు కూడా చివర్లో జేబు ఖాళీగా గడపాల్సిన రోజులు రావచ్చు. ఫెలోషిప్ లేనివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పి, మధ్యాహ్నం ల్యాబ్‌కు వచ్చి, రాత్రి హాస్టల్లో టెస్ట్ సిరీస్ రాస్తారు. ఊరికి పోతే "ఇంకెన్నేండ్లురా నీ సదువు?" అని నాయిన అడుగుతాడు. తోటివాళ్లకు పెళ్లిళ్లయి పిల్లలు బడికి పోతుంటారు. నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతు పోయేలా అరిచిన క్యాంపస్‌లు మనవి. అక్కడే నియామకపత్రం తెచ్చుకున్న పిల్లవాణ్ణి ద్రోహం చేసినట్టు చూడటం ఏం న్యాయం?

ఇక సంతకాల సంగతి. ఫెలోషిప్ నెలనెలా రావాలంటే మీ సంతకం కావాలి. సెమిస్టర్ ప్రోగ్రెస్ రిపోర్ట్‌కు మీ సంతకం. సినాప్సిస్‌కు (థీసిస్‌కు ముందు ఇచ్చే సారాంశం), థీసిస్ మొదట్లో పెట్టే సర్టిఫికెట్‌కు, వైవా (ఆఖరి మౌఖిక పరీక్ష) తేదీకి, ఆఖరికి నో డ్యూస్‌కూ మీ సంతకమే. ఇన్ని సంతకాలు ఒక్క మనిషి చేతిలో ఉన్నప్పుడు ఆ మనిషికి నచ్చని మాట చెప్పాలంటే ఎవరికైనా టెన్షనే. మీరు నిజంగా సంతకం ఆపుతారా లేదా అన్నది తర్వాత. ఎక్కడో ఒక గైడ్ ఆపారన్న మాట చాలు, అది అన్ని ల్యాబుల్లో తిరుగుతుంది.

నాకు తెలిసిన ఒకతను (ఎక్కడన్నది అనవసరం) గురుకులంలో జాబ్ వచ్చిందని స్వీట్ బాక్స్ పట్టుకుని గైడ్ గదికి పోయాడు. సారు బాక్స్ అందుకుని బల్ల మీద పెట్టి, "సరే, మంచిది" అని కంప్యూటర్ వైపు తిరిగారు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ కొనసాగిస్తానని అతను పెట్టుకున్న అర్జీ ఆ తర్వాత ఎన్నో నెలలు ఆ బల్ల మీదే పడి ఉంది. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి యూజీసీ 2022 నిబంధనలు ఒప్పుకుంటాయి, పనిచేసే చోటు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి అంతే. అతను అదీ తెచ్చాడు. కాగితం కదల్లేదు. ఆ స్వీట్ బాక్స్ సంగతి మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు. తర్వాత ఉద్యోగాలు వచ్చినవాళ్లెవరూ స్వీట్లు పట్టుకుపోలేదు. ముందుగా చెప్పనూ లేదు.

చెప్పకుండా వెళ్తే ఏం పోతుందో కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఫ్రీజర్ తలుపు తీస్తే కనబడుతుంది. అడుగు అరలో మంచు పట్టిన అట్టపెట్టె. అందులో వేలెడంత వయల్స్ (చిన్న గాజు సీసాలు), మూతల చుట్టూ పారాఫిల్మ్, పైన మార్కర్‌తో పొడి అక్షరాల్లో పేరు, నోట్‌బుక్ నంబర్, పేజీ నంబర్. ఎసిటోన్ తగిలి సగం వయల్స్ మీద రాత చెరిగిపోయింది. రాత మిగిలినవాటికి నోట్‌బుక్ లేదు, చెప్పకుండా వెళ్లిన సీనియర్ ఇంటికి తీసుకుపోయాడో, పాత పేపర్ల వాడి తక్కెట్లోకి పోయిందో. నోట్‌బుక్ దొరికినచోట "మామూలుగానే వర్కప్ చేశాను" అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ మామూలు ఏమిటో రాసినవాడికే తెలియాలి. అణువు నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్ పరీక్ష కోసం శాంపిళ్లు హైదరాబాద్ పంపి, వారాల తరబడి ఎదురుచూసి తెప్పించుకున్న స్పెక్ట్రాలు ప్రింట్లుగా ఫైల్లో ఉన్నాయి. అసలు డేటా ఫైళ్లు మాత్రం ఆయన సొంత ల్యాప్‌టాప్‌లో ఉండేవి, ఆ ల్యాప్‌టాప్ ఎప్పుడో మారిపోయింది. రేపు పేపర్‌ను పరిశీలించే జర్నల్ రెఫరీకి అనుమానం వస్తే అడిగేది ఆ ఫైళ్లే. ఇక కొత్తగా చేరిన అమ్మాయి పాత రియాక్షన్లనే మొదటి నుంచి చేసుకుంటూ కూర్చుంటుంది. ఆ పోయిన కాలానికి ఆమెకు ఎవరూ ఫెలోషిప్ పెంచరు, గడువు పెంచరు. వాష్ బేసిన్ కింద పేరు లేని సీసాలు ఉండనే ఉంటాయి. వాటిలో ఏముందో తెలియక ఎవరూ ముట్టుకోరు, పారబోయడానికీ భయమే.

మీ వైపు నుంచి చూసినా నష్టమే. ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్‌కు ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నలుగురు స్కాలర్లని లెక్క ఉంది. చెప్పకుండా మాయమైనవాడి రిజిస్ట్రేషన్ రద్దయ్యేదాకా ఆ సీటు నిండినట్టే లెక్క. బయట ఇంకొకరు సీటు కోసం తిరుగుతుంటారు.

మా ల్యాబ్‌లో ఒక అన్న ఉండేవాడు. లెక్చరర్ పరీక్ష రాసి వచ్చిన రోజే, ఫలితం రాకముందే, సారుకు చెప్పాడు. సారు కాసేపు మాట్లాడలేదట. తర్వాత "వస్తే ఎప్పుడు చేరాలె? అప్పటికి మన పనిలో ఏమేం అయితయి?" అని అడిగారట. ఆ ఒక్క మాటతో మిగతాదంతా సులువైంది. ఉద్యోగం వచ్చేలోపు అన్న ఒక లాంగ్ నోట్‌బుక్ నింపాడు. మేం దాన్ని అన్న పుస్తకం అనేవాళ్లం. ఒక్కో కాంపౌండ్‌కు ఒక్కో పేజీ. ఎంత తీసుకోవాలి, ఎంతసేపు కలపాలి అన్నది పేపర్లలోనూ దొరుకుతుంది. అన్న రాసింది పేపర్లలో దొరకనిది. "మూడో స్టెప్ వానకాలంలో సరిగా రాదు, గాలిలో తేమ ఎక్కువుంటది, గార్డ్ ట్యూబ్‌లో కాల్షియం క్లోరైడ్ కొత్తది నింపాలి." "టీహెచ్‌ఎఫ్ (ద్రావకం) డిస్టిల్ చేసేటప్పుడు ముదురు నీలం రంగు వచ్చేదాకా ఆగాలి. రంగు రాకుంటే పొయ్యి ఆపి, పూర్తిగా చల్లారినాకనే కొత్త సోడియం ముక్క వేయాలి. వేడి మీద వేయొద్దు." వాక్యూమ్ పంపు ఆయిల్ ఎప్పుడు మార్చాడో, చిల్లర్ రిపేర్ చేసే మెకానిక్ ఎవరో, హైదరాబాద్ కెమికల్స్ షాపులో ఏ బిల్లు బాకీ ఉందో, నైట్రోజన్ సిలిండర్ డిపాజిట్ రసీదు ఏ ఫైల్లో ఉందో కూడా అందులో ఉంది. ఫలించని రియాక్షన్లకు ఆ పుస్తకంలో వేరే భాగమే ఉంది. ఏ పేపర్లోనూ అచ్చుకాని ఆ భాగమే మాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

ఆఖరి వారాల్లో అన్న పనికి చేయి వేయలేదు. మేం చేస్తుంటే వెనక స్టూల్ మీద కూర్చుని చూశాడు. మేం ఎక్కడ తడబడితే అక్కడ తన పుస్తకంలో పేజీ మళ్లీ రాశాడు. వాడకుండా మిగిలిన సోడియం తనే దగ్గరుండి నాశనం చేశాడు, పేరు లేని సీసా ఒక్కటీ మిగల్చలేదు. ఇప్పటికీ ఎవరికైనా ఆ స్టెప్ కుదరకపోతే అన్నకు ఫోన్ పోతుంది. ఆయన క్లాసులో ఉంటే సాయంత్రం తిరిగి చేస్తాడు. సారు ఆ రోజు ముఖం తిప్పుకుని ఉంటే ఈ పుస్తకమూ లేదు, ఈ ఫోనూ లేదు.

మన ఊళ్లలో అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పెద్దమనుషులను కూర్చోబెట్టి, ఏ చెలక ఎవరికి, బావి నీళ్లు ఏ పూట ఎవరికి అని కాగితం రాసుకుంటారు. అట్లా రాసుకున్న ఇండ్లలో పండక్కి రాకపోకలుంటాయి. నోటిమాట మీద వేరుపడ్డవాళ్లకు ఒడ్డు పంచాయితీ మనవల దాకా నడుస్తుంది. పేపర్ల మీద పేర్ల పంచాయితీ కూడా సరిగ్గా ఇంతే. మీకు పెద్దమనుషులు కూడా సిద్ధంగా ఉన్నారు. స్కాలర్ ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందుకు వచ్చి పని చూపించాలని 2022 నిబంధనల్లోనే ఉంది. ఇప్పుడా సమావేశం చాలాచోట్ల నాలుగు స్లయిడ్లు, చాయ్, సంతకాలతో ముగుస్తుంది. వెళ్లబోయే స్కాలర్ పనుల పంపకం అక్కడ ఎందుకు జరగకూడదు?

పంపకంలో అన్నిటికంటే చిక్కు పేపర్లదే. ఒక స్కాలర్ సగం చేసి వెళ్లిన పనిని తర్వాత వచ్చినవాళ్లు పూర్తిచేస్తే మొదటి పేరు ఎవరిది? దీనికి అన్నిచోట్లా సరిపోయే జవాబు లేదు, పనిని బట్టి ఉంటుంది. అందుకే వెళ్లేలోపే మాట్లాడుకోవాలి. మీరు, వెళ్లేవాళ్లు, అందుకునేవాళ్లు ముగ్గురూ కూర్చుని, ఇంతవరకు చేసింది ఇది, మిగిలింది ఇది, పేర్ల వరస ఇది, మిగిలిన పని అనుకున్నదానికంటే పెరిగితే వరస మళ్లీ చూద్దాం అని ఒక ఈమెయిల్ రాసి ముగ్గురికీ పంపుకోండి. స్టాంప్ పేపర్ అక్కర్లేదు. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ పెట్టిన నాలుగు నియమాలను వేరే సబ్జెక్టుల్లో కూడా చాలామంది ప్రమాణంగా తీసుకుంటారు. పేరు పెట్టుకోవాలంటే పనిలో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి, రాయడంలోనో సరిదిద్దడంలోనో చేయి ఉండాలి, అచ్చుకు పోయే ప్రతిని చూసి ఒప్పుకోవాలి, రేపు ప్రశ్న వస్తే జవాబుదారీగా నిలబడాలి. ఊరు మారినంత మాత్రాన ఈ నాలుగూ పోవు. "వాడు ఇప్పుడు మన ల్యాబ్‌లో లేడు కదా" అని పేరు తీసేయడం కుదరదు. చూపించకుండా పేపర్ పంపడమూ కుదరదు. పని ఎక్కడ జరిగిందో ఆ సంస్థ పేరే స్కాలర్ పేరుతో వేయాలి, కొత్త ఉద్యోగం చిరునామా కింద విడిగా ఇవ్వొచ్చు. కొత్త కాలేజీ వాళ్లు తమ పేరే వేయమని అడిగే సందర్భాలు ఉన్నాయి కనుక ఇది కూడా ముందే చెప్పి పంపండి.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. ఇంటర్వ్యూలో "పెండ్లయినాక మధ్యలో ఇడిచిపెడ్తవా?" అన్న ప్రశ్న ఎదుర్కోని అమ్మాయిలు తక్కువ. మగపిల్లలను "గ్రూప్ టూ వస్తే ఇడిచిపెడ్తవా?" అని అడగరు. పీహెచ్‌డీ కాలంలో మహిళా స్కాలర్లు ప్రసూతికి, పిల్లల పెంపకానికి 240 రోజుల దాకా సెలవు తీసుకోవచ్చని యూజీసీ రాసింది. గడువులో కూడా వాళ్లకు అదనంగా రెండేళ్లు ఇచ్చింది. పెళ్లి వల్లగానీ మరో కారణం వల్లగానీ వేరే చోటికి మారితే, అక్కడి సంస్థలో చేరి తన రీసెర్చ్ డేటాను వెంట తీసుకుపోవచ్చని కూడా ఉంది. అయితే ఆ పని గైడ్‌కో సంస్థకో మంజూరైన ప్రాజెక్టులోది కాకూడదు. అప్పటిదాకా చేసినదానికి పాత సంస్థకూ పాత గైడ్‌కూ పేరు ఇవ్వాలి. నాకైతే ఈ పద్ధతి ఎంతో సబబుగా కనిపిస్తుంది. ఏది తీసుకుపోవచ్చో, ఏది ఇక్కడే ఉంచాలో, ఎవరి పేరు చెప్పాలో స్పష్టంగా ఉంది. పెళ్లయి వెళ్లే అమ్మాయికి పనికొచ్చే ఈ లెక్క ఉద్యోగం వచ్చి వెళ్లే అబ్బాయి విషయంలో కూడా డిపార్ట్‌మెంట్ స్థాయిలో పెట్టుకోవచ్చు కదా.

ఇంకో సంగతి, కాస్త చనువుగా చెబుతున్నాను. ల్యాబ్ విడిచి వెళ్లేది స్కాలర్లు ఒక్కరే కాదు, మీరు కూడా. రిటైర్మెంట్‌కు మూడేళ్లకంటే తక్కువ సర్వీసు ఉన్న గైడ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ఉన్న స్కాలర్లకు మాత్రం రిటైరయ్యేదాకా గైడ్‌గా, తర్వాత 70 ఏళ్లు వచ్చేదాకా కో-గైడ్‌గా ఉండొచ్చు. ఈ ఏర్పాటు బాగుంది. కానీ సన్మాన సభ అయిన మర్నాటి నుంచి మిగిలిన స్కాలర్లు ఎవరి గది ముందు నిలబడాలి? ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంటుంది, ఇండెంట్ మీద ఎవరు సంతకం పెడతారు, ప్రాజెక్టులో కొన్న పరికరాలు ఎవరి స్టాక్ రిజిస్టర్‌లోకి పోతాయి? పోస్టులు ఖాళీగా ఉన్న డిపార్ట్‌మెంట్లలో ఇది చిన్న సమస్య కాదు. మీరు రిటైరయ్యే ఏడాదికి ముందే మీ స్కాలర్లను కూర్చోబెట్టి ఎవరి పని ఎవరి చేతికి పోతుందో తేల్చి చెబితే, అప్పగించడం అంటే ఏమిటో వాళ్లకు వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు.

వైవా రోజు భోజనాల గురించి రాయకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. మంచిగా వెళ్లడం అంటే మనవాళ్లలో చాలామందికి అదే. శాలువాలు, బొకేలు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారికి రైలు టికెట్, గెస్ట్ హౌస్, డిపార్ట్‌మెంట్ మొత్తానికి మటన్, చికెన్, వెజ్ వేరే కౌంటర్, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఫొటో. ఏడాది నుంచి ఫెలోషిప్ లేని పిల్లవాడు అప్పు తెచ్చి ఇవన్నీ చేస్తాడు. మీరు అడగరు, నిజమే. "మొన్నటి వైవాలో భోజనాలు బాగున్నయి" అని ఎవరో అంటారు, అంతే, పని అయిపోతుంది. ఒక్క గైడ్ లేచి "మా స్కాలర్ వైవాలో చాయ్, బిస్కెట్లే" అంటే ఆ డిపార్ట్‌మెంట్‌లో తర్వాతి పదిమంది ఊపిరి పీల్చుకుంటారు. థీసిస్ ఇచ్చాక మూల్యాంకనం అంతా ఆరు నెలల్లో ముగియాలని నిబంధన. భోజనాలకంటే దాని మీద పట్టుపడితే స్కాలర్లు మిమ్మల్ని ఎక్కువ రోజులు తలచుకుంటారు.

ఇది చదివే స్కాలర్లకు కూడా రెండు మాటలు. తమ్మీ, చెల్లీ, సారు ఎట్లాంటివారైనా సరే మీ వైపు పని మీరు చేయండి. నోట్‌బుక్ ల్యాబ్‌ది, మీది కాదు. సారుకు చెప్పి కాపీ తీసుకుపోండి, అసలు ప్రతి అక్కడే ఉంచండి. కోపంలో ఒక్క ఫైలు కూడా డిలీట్ చేయకండి. కొత్త చోట మాటల్లో పడి పాత ల్యాబ్ రహస్యాలు, అచ్చుకాని ఫలితాలు చెప్పకండి. ఫెలోషిప్ ఉంటే ఉద్యోగంలో చేరే తేదీ ఆఫీసుకు రాసివ్వండి, ఆ తర్వాత ఒక్క నెల డబ్బులు ఎక్కువ పడినా తిరిగి కట్టాల్సింది మీరే. వాట్సాప్ గ్రూప్‌లోంచి వెళ్లిపోయే ముందు జూనియర్లకు మీ నంబర్ ఇవ్వండి. కొందరు గైడ్లు ఎంత చేసినా మెత్తబడరు. అట్లాంటి చోట హెడ్‌కో కమిటీకో కాగితం ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకుని, మర్యాదగా బయటికి రండి. అక్కడ అంతకంటే మంచిగా వెళ్లడం కుదరదు, దానికి మీరు బాధపడాల్సిన పని లేదు.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను సార్, మేడమ్. నేను అడిగేవాటిలో చాలావాటికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. స్కాలర్ చేరిన మొదటి నెలలోనే "ఏ పరీక్షలు రాస్తున్నవ్, ఏ నోటిఫికేషన్ కోసం చూస్తున్నవ్?" అని మామూలుగా అడగండి. అడిగి, విన్నాక ముఖం మార్చకండి. ఏడాదికోసారి మళ్లీ అడగండి. వెళ్తానని చెప్పినవాళ్ల కాగితం మీద ఆ వారంలోనే సంతకం పెట్టండి, మిగతావాళ్లు దాన్నే చూస్తుంటారు. వెళ్లే ముందు నెల రోజులు కొత్త ప్రయోగం ఏదీ అప్పజెప్పకండి. ఆ నెల రాయడానికి, చూపించడానికి, సర్దడానికి వదిలేయండి. నో డ్యూస్ ఫారంలో ఇంకో గడి పెట్టించండి, నోట్‌బుక్‌లు, డేటా ఫైళ్లు, శాంపిళ్లు ఎవరికి ఇచ్చారు అని, అందుకున్నవాళ్ల సంతకంతో.

వీటిలో దేనితో మొదలుపెట్టాలి అంటే, నా ఓటు స్కాలర్ యూనివర్సిటీ ఈమెయిల్ అకౌంట్‌కు. పేపర్ మీద యూనివర్సిటీ ఈమెయిల్ అచ్చవుతుంది. స్కాలర్ వెళ్లాక ఆ అకౌంట్ మూసేస్తే, పేపర్ చదివి ఏ దేశం నుంచో ప్రశ్న రాసినవాళ్లకు ఉత్తరం తిరిగి పోతుంది. వెళ్లిన తర్వాత కనీసం రెండేళ్లు అకౌంట్ ఉంచమని, అది కుదరకపోతే వచ్చిన మెయిల్ స్కాలర్ సొంత అడ్రస్‌కు మళ్లించమని మీ కంప్యూటర్ సెంటర్‌కు డిపార్ట్‌మెంట్ నుంచి ఒక ఉత్తరం పెట్టండి. ఆర్కిడ్ ఐడీ (పరిశోధకుల గుర్తింపు నంబర్) లేని స్కాలర్లతో అదే రోజు తీయించండి. పదహారు అంకెల నంబర్, డబ్బులు కట్టక్కర్లేదు, ఏ కాలేజీకి పోయినా వెంటే ఉంటుంది. సినాప్సిస్ ఇవ్వబోతున్నవాళ్లు ఇప్పుడు మీ ల్యాబ్‌లో ఎవరున్నారో వాళ్లతోనే మొదలుపెట్టొచ్చు.

నమస్కారాలతో,
ఒక పాత స్కాలర్
పెద్దపల్లి జిల్లా